టెక్సస్ రేంజర్స్ తొలి సంవత్సరాలు, 1972–1977: తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు పరిచయమైనదే. అయితే ఆ జట్టు పుట్టింది అక్కడ కాదు. వాషింగ్టన్ నుంచి తరలివచ్చిన తొలి ఆరేళ్లలో అది ఎలా కుదురుకుందో, ఎక్కడెక్కడ తడబడిందో తెలుసుకోగోరేవారి కోసం ఈ ప్రశ్నలు, సమాధానాలు.

ఈ జట్టు అసలు ఎక్కడిది?

అమెరికా రాజధాని వాషింగ్టన్‌ది. అక్కడ దశాబ్దాలుగా ఆడిన పాత సెనేటర్స్ జట్టు 1961లో మిన్నెసోటాకు వెళ్లిపోయి ట్విన్స్‌గా మారింది. రాజధానిలో బేస్‌బాల్ లేకుండా పోకూడదన్న ఉద్దేశంతో అమెరికన్ లీగ్ (ప్రధాన స్థాయి బేస్‌బాల్‌లోని రెండు లీగ్‌లలో ఒకటి) అదే సంవత్సరం, అదే పేరుతో, కొత్త జట్టును అక్కడ నెలకొల్పింది. ఆ రెండో సెనేటర్స్ జట్టే 1972లో టెక్సస్ రేంజర్స్ అయింది. వాషింగ్టన్‌లో ఆడిన 11 సీజన్లలో ఓటముల కంటే గెలుపులు ఎక్కువగా ఉన్నది 1969లో మాత్రమే. ఒకే నగరం పదేళ్ల వ్యవధిలో ఒకే పేరున్న రెండు జట్లను పోగొట్టుకోవడం ఈ ఆట చరిత్రలో అరుదైన సంగతి.

వాషింగ్టన్‌ను వదిలిపెట్టడానికి కారణం ఏమిటి?

క్లుప్తంగా చెప్పాలంటే యజమాని అప్పులు. బాబ్ షార్ట్ అనే మిన్నెసోటా వ్యాపారి 1968 చివరలో, అధికభాగం అప్పు తెచ్చిన సొమ్ముతో, ఈ జట్టును కొన్నాడు. జట్లను ఊళ్లు మార్చడం అతనికి కొత్త కాదు. మినియాపొలిస్ లేకర్స్ బాస్కెట్‌బాల్ జట్టును 1960లో లాస్ ఏంజెలెస్‌కు తరలించినవాడు అతడే. సెనేటర్స్ చేతికి రాగానే, బ్యాటింగ్‌లో ఆ తరం మొత్తానికి గురుతుల్యుడైన టెడ్ విలియమ్స్‌ను మేనేజర్‌గా ఒప్పించాడు. బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే కార్యాలయ నిర్వాహకుడు కాదు. మైదానంలో ఎవరు ఆడాలో, ఎప్పుడు ఎవరిని మార్చాలో నిర్ణయించేవాడు. విలియమ్స్ వచ్చిన మొదటి ఏడాది జట్టు 86 ఆటలు గెలిచింది.

ఆ ఊపు నిలవలేదు. 1970 సీజన్ ముగిశాక షార్ట్ డెట్రాయిట్‌తో ఒక మార్పిడి చేసుకుని, జో కోల్‌మన్, ఎడ్డీ బ్రింక్‌మన్, ఔరేలియో రోడ్రిగెస్ వంటి ఆటగాళ్లను వదులుకుని, అప్పటికే ప్రభ తగ్గిన పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) డెనీ మెక్‌లైన్‌ను తెచ్చుకున్నాడు. మెక్‌లైన్ 1971లో 10 గెలిచి 22 ఓడాడు. జట్టు బలహీనపడుతున్న కాలంలోనే టికెట్ ధరలు లీగ్‌లో అత్యధికమైనవాటి సరసన చేరాయి. ఆ తరువాత, సుమారు 1.2 కోట్ల డాలర్లకు ఎవరైనా కొంటే సరి, లేకుంటే జట్టును తీసుకుపోతానని షార్ట్ ప్రకటించాడు. 1971 సెప్టెంబరులో లీగ్ యజమానులు 10–2 ఓట్లతో తరలింపునకు అనుమతి ఇచ్చారు. వ్యతిరేకించినవి బాల్టిమోర్, షికాగో మాత్రమే. వాషింగ్టన్ జనం ఆటకు రాకపోవడం వల్లనే జట్టు వెళ్లిందన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. జనం తగ్గిన మాట నిజమే కాని, అలా తగ్గేలా చేసినదెవరో చెప్పకుండా ఆ ఒక్క ముక్క చెప్పడం న్యాయం అనిపించుకోదు.

వాషింగ్టన్‌లో ఆఖరి ఆట పూర్తి కాలేదంటారు, నిజమేనా?

నిజమే. 1971 సెప్టెంబరు 30 రాత్రి న్యూయార్క్ యాంకీస్ జట్టుతో జరిగిన ఆ ఆటకు టికెట్ కొన్నవారు 14,460 మంది. కొనకుండా లోపలికి వచ్చినవారు మరికొన్ని వేలు. అభిమానులు ఎంతో ఇష్టపడిన భారీకాయుడు ఫ్రాంక్ హోవర్డ్ ఆరో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ వంటిది) కొట్టాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సెనేటర్స్ 7–5తో ఆధిక్యంలో ఉండి, ఇక ఒక్కరిని ఔట్ చేస్తే గెలుపు ఖాయమన్న సమయంలో జనం మైదానంలోకి దూకారు. బేస్‌లను (పరుగు తీసేవారు చేరవలసిన గుర్తు దిండ్లను), మట్టిని, గడ్డిని, చేతికి దొరికినదాన్నల్లా జ్ఞాపకంగా పెరికి తీసుకుపోయారు. ఆతిథ్య జట్టు మైదానాన్ని అదుపులో ఉంచలేకపోతే ఆటను ఎదుటివారికి 9–0తో ఇచ్చివేయాలన్నది నియమం. అంపైర్లు అదే చేశారు. గెలిచే ఆటను తన అభిమానుల చేతుల్లోనే ఓడి, ఆ జట్టు రాజధాని నుంచి సెలవు తీసుకుంది.

డాలస్ వంటి మహానగరాన్ని కాదని ఆర్లింగ్టన్‌ను ఎందుకు ఎంచుకున్నారు?

ఆ ఊరి మేయర్ టామ్ వాండర్‌గ్రిఫ్ పట్టుదల వల్ల. 1951లో 25 ఏళ్ల వయసులో మేయరైన ఆయన 1977 వరకు ఆ పదవిలో కొనసాగాడు. ఆయన వచ్చే నాటికి ఆర్లింగ్టన్ జనాభా ఎనిమిది వేలకు లోపే. 1970 నాటికి తొంభై వేలు దాటింది. జనరల్ మోటార్స్ కర్మాగారం, 1961లో తెరిచిన సిక్స్ ఫ్లాగ్స్ వినోద వనం ఆ ఎదుగుదలకు ఊతమిచ్చాయి. డాలస్‌కు, ఫోర్ట్ వర్త్‌కు సరిగ్గా నడుమ ఉన్న ఊరు కనుక, ఒకరికి ఇస్తే మరొకరు అలిగే రెండు నగరాలకూ సమ్మతమైన చోటు అదే అని ఆయన వాదన. పదేళ్లకు పైగా ఆయన బేస్‌బాల్ యజమానుల గడపలు తొక్కాడు.

1971లో ఆయన చేతిలో రెండు ఆయుధాలున్నాయి. ఒకటి, అప్పటికే సిద్ధంగా ఉన్న మైదానం. రెండు, డబ్బు: పదేళ్ల రేడియో, టెలివిజన్ ప్రసార హక్కులకుగాను 75 లక్షల డాలర్లు నగరమే షార్ట్‌కు ముందుగా చెల్లించడానికి ఒప్పుకుంది. అప్పులవాళ్ల ఒత్తిడిలో ఉన్న యజమానికి ఇంతకంటే ఏం కావాలి? ప్రజల సొమ్ముతో ఒక ప్రైవేటు జట్టును గట్టెక్కించడం ఎంతవరకు సబబన్న ప్రశ్న అమెరికాలో ఇప్పటికీ ప్రతి కొత్త స్టేడియం దగ్గర తలెత్తుతూనే ఉంది.

మొదటి స్టేడియం ఎలా ఉండేది?

టర్న్‌పైక్ స్టేడియం పేరుతో 1965లో కట్టినప్పుడు అందులో పదివేల మందికి మాత్రమే చోటుండేది. డాలస్, ఫోర్ట్ వర్త్‌లను కలిపే టోల్ రహదారి పక్కనే ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. టెక్సస్ లీగ్‌కు చెందిన చిన్నస్థాయి జట్టు స్పర్స్ అక్కడ ఆడేది. దాన్నే దశలవారీగా పెంచి, రేంజర్స్ వచ్చేసరికి సుమారు 35,000 సీట్లకు చేర్చి, ఆర్లింగ్టన్ స్టేడియం అని పేరు మార్చారు. భవిష్యత్తులో విస్తరించవచ్చన్న ముందుచూపుతో మైదానాన్ని మొదటినుంచీ నేలమట్టానికి సుమారు 40 అడుగుల దిగువన కట్టారు. అందువల్ల ప్రేక్షకుడు ద్వారం దాటి లోపలికి అడుగుపెడితే, మెట్లు ఎక్కే పని లేకుండా, గ్యాలరీ పై వరుసలో నిలబడి ఆటస్థలాన్ని కిందికి చూసేవాడు. స్కోర్‌బోర్డును టెక్సస్ పటం ఆకారంలో చేశారు.

అవుట్‌ఫీల్డ్ వెనుక మాత్రం వీపు ఆన్చుకునే వీలులేని లోహపు బెంచీలు వరుసలు వరుసలుగా ఉండేవి, నీడ అన్నది లేదు. రామగుండం ఎండలు ఎరిగినవారికి టెక్సస్ జూలై గురించి విడమరిచి చెప్పనక్కరలేదు. ఇతర నగరాల్లో ఆదివారం మధ్యాహ్నం ఆడే ఆటలను సైతం ఇక్కడ వేసవిలో రాత్రికి మార్చుకోవలసి వచ్చింది. 1993 సీజన్ వరకు జట్టు అక్కడే ఆడింది. పైకప్పు మూసే వీలున్న ఇప్పటి గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ 2020లో వచ్చింది. అంటే నీడ కోసం దాదాపు అర్ధ శతాబ్దం ఆగవలసి వచ్చిందన్నమాట.

రేంజర్స్ అన్న పేరు ఎందుకు పెట్టారు?

టెక్సస్‌లో పందొమ్మిదో శతాబ్దం నుంచి ఉన్న రాష్ట్ర పోలీసు దళం పేరు అది. డాలస్ అనో ఆర్లింగ్టన్ అనో కాకుండా రాష్ట్రం పేరు ముందు తగిలించడం వల్ల రెండు నగరాల పోటీలో ఎవరి పక్షమూ వహించకుండా తప్పించుకున్నారు.

1972లో మొదటి సీజన్ ఎలా సాగింది?

ఆరంభమే ఆలస్యమైంది. ఆటగాళ్ల సమ్మె వల్ల ఏప్రిల్ మొదటి రెండు వారాలు లీగ్ అంతటా ఆటలు ఆగిపోయాయి. ఏప్రిల్ 15న కాలిఫోర్నియా ఏంజెల్స్‌తో వారి మైదానంలో జరిగిన మొదటి ఆటలో రేంజర్స్ 1–0తో ఓడారు. సొంతగడ్డపై మొదటి ఆట ఏప్రిల్ 21న, అదే ప్రత్యర్థితో. వాషింగ్టన్‌లో ఆఖరి రాత్రి హోమ్ రన్ కొట్టిన ఫ్రాంక్ హోవర్డే ఆర్లింగ్టన్‌లోనూ మొదటి ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టాడు. జట్టు 7–6తో గెలిచింది. చూడడానికి వచ్చినవారు 20,105 మంది. కొత్త జట్టు కొత్త ఊళ్లో ఆడే తొలి ఆటకు ఇన్ని సీట్లు ఖాళీగా మిగలడం శుభసూచకమేమీ కాదు.

మిగిలిన సీజన్ అంతకంటే దయనీయం. 54 గెలుపులు, 100 ఓటములు. జట్టు బ్యాటింగ్ సగటు .217, అంటే వెయ్యి ప్రయత్నాలకు 217 హిట్లు (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరిన సందర్భాలు). 1941లో .406 సగటు సాధించిన టెడ్ విలియమ్స్ పెవిలియన్‌లో కూర్చుని ఈ బ్యాటింగ్‌ను చూడవలసి వచ్చింది. హోవర్డ్‌ను ఆగస్టులో డెట్రాయిట్‌కు అమ్మేశారు. సీజన్ ముగియగానే విలియమ్స్ తప్పుకున్నాడు. ఆ తరువాత మరే జట్టుకూ ఆయన మేనేజర్‌గా పనిచేయలేదు.

ఊరు మారినందువల్ల ప్రేక్షకులు పెరిగారా?

ఈ ప్రశ్నకు అంకెలు ఇచ్చే జవాబు చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. వాషింగ్టన్‌లో ఆఖరి ఏడాది, 1971లో, వచ్చినవారు 6,55,156. ఆర్లింగ్టన్‌లో మొదటి ఏడాది 6,62,974. సమ్మె వల్ల కొన్ని ఆటలు తగ్గాయన్నది లెక్కలోకి తీసుకున్నా, ఇంత గొడవపడి, రెండువేల కిలోమీటర్లు వచ్చి, మిగిలిన లాభం అంతే. 1973లో కొద్దిగా పెరిగి 6,86,085 అయింది.

కారణాలు ఊహించడం కష్టం కాదు. టెక్సస్ అమెరికన్ ఫుట్‌బాల్ రాజ్యం. రేంజర్స్ రావడానికి మూడు నెలల ముందే, 1972 జనవరిలో, డాలస్ కౌబాయ్స్ ఆ ఆటలో ఛాంపియన్‌ను తేల్చే సూపర్ బౌల్‌ను మొదటిసారి గెలిచారు. ఆ వెలుగులో ఓడిపోయే బేస్‌బాల్ జట్టును పట్టించుకునేదెవరు? ఊరు కొత్తదైనా ఆట పాతదే అయినప్పుడు ఊరి జనం మొదటి కుతూహలం తీరాక రారు.

డేవిడ్ క్లైడ్ ఎవరు? అతని పేరు ఎందుకు ఇంతగా వినిపిస్తుంది?

ఈ జట్టు తొలి సంవత్సరాల కథలో అందరికంటే ఎక్కువ ధర చెల్లించినవాడు అతడేనని మా అభిప్రాయం. హ్యూస్టన్‌లోని వెస్ట్‌చెస్టర్ హైస్కూల్ తరఫున చివరి ఏడాది 18 ఆటలు గెలిచి ఒక్కటీ ఓడని ఎడమచేతి పిచర్ అతడు. 1972లో అన్ని ఓటములు చవిచూసిన రేంజర్స్‌కు 1973 జూన్ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రవాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియలో) మొదటి ఎంపిక దక్కింది; వారు క్లైడ్‌ను తీసుకుని 1,25,000 డాలర్ల బోనస్ ఇచ్చారు. మామూలుగా ఇలాంటి కుర్రవాడు రెండు మూడేళ్లు చిన్న లీగ్‌లలో నలిగి, పాఠాలు నేర్చి, అప్పుడు పైకి వస్తాడు. క్లైడ్‌ను మాత్రం నేరుగా ప్రధాన జట్టులో దించారు. సొంత రాష్ట్రపు కుర్రవాణ్ని చూడడానికి జనం వస్తారని షార్ట్‌కు తెలుసు.

జూన్ 27 రాత్రి 35,698 మంది వచ్చారు. ఆర్లింగ్టన్ స్టేడియం అప్పటిదాకా ఒక్కసారీ నిండలేదు. ఆ జనసందోహం మధ్య, 18 ఏళ్ల క్లైడ్ మిన్నెసోటా ట్విన్స్ మొదటి ఇద్దరు బ్యాటర్లకూ వాక్ (గురి తప్పిన బంతుల వల్ల ఉచితంగా దక్కే మొదటి బేస్) ఇచ్చాడు. వారిలో రెండోవాడు ఆ రోజుల్లో లీగ్‌లోనే మేటి బ్యాటర్ అయిన రాడ్ కేర్యూ. ఇద్దరు బేస్‌ల మీద ఉండగా, తరువాతి ముగ్గురినీ వరుసగా స్ట్రైకౌట్ చేశాడు, అంటే మూడేసి స్ట్రైక్‌లతో తానే ఔట్ చేశాడు. ఐదు ఇన్నింగ్స్‌లలో ఒకే ఒక్క హిట్, ఎనిమిది స్ట్రైకౌట్లు, ఏడు వాక్‌లు. రేంజర్స్ 4–3తో గెలిచారు.

రెండు ఆటలు ఆడించి చిన్న లీగ్‌కు పంపాలన్నది ముందు అనుకున్న మాట. కాని టికెట్లు అమ్ముడుపోతుంటే పంపడానికి యజమానికి మనసు రాలేదు. ఆ ఏడాది క్లైడ్ 4 గెలిచి 8 ఓడాడు. తరువాత భుజం నొప్పులు, నిలకడలేమి, క్లీవ్‌లండ్‌కు బదిలీ; 1979తో ప్రధాన లీగ్‌లో అతని ఆట ముగిసింది. మొత్తం 18 గెలుపులు, 33 ఓటములు. అతడు జట్టును ఆర్థికంగా నిలబెట్టాడని అనేవారున్నారు. అందులో కొంత నిజముంది. పండకముందే కోసిన కాయ ఎవరికి ఉపయోగపడిందన్నది వేరే ప్రశ్న.

1973లో మేనేజర్‌ను సీజన్ మధ్యలో ఎందుకు మార్చారు?

బిల్లీ మార్టిన్ ఖాళీగా దొరికాడు కనుక. డెట్రాయిట్ అతణ్ని సెప్టెంబరు తొలిరోజుల్లో తొలగించగానే షార్ట్ తన మేనేజర్ వైటీ హెర్జోగ్‌ను పంపించి మార్టిన్‌ను తెచ్చుకున్నాడు. ఆ ఏడాది 105 ఓటములు. పంపించివేసిన హెర్జోగ్ ఆ తరువాత సెయింట్ లూయిస్‌తో 1982 వరల్డ్ సిరీస్ (రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే ఆఖరి పోరు) గెలిచి, బేస్‌బాల్ మేటివారికి దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. 1973 సీజన్‌లో గుర్తుంచుకోదగినది మరొకటి ఉంది: జూలై 30న జిమ్ బిబీ ఓక్లండ్ జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట గెలిచాడు. రేంజర్స్ పేరుతో మొదటి నో-హిట్టర్ అదే.

1974ను మలుపుగా ఎందుకు చెప్తారు?

వరుసగా రెండేళ్లు వందేసి ఆటలు ఓడిన జట్టు ఆ మరుసటి ఏడాదే ఓటముల కంటే ఎక్కువ గెలుపులు సాధించడం అంతకుముందు ఎన్నడూ జరగలేదు. రేంజర్స్ 84 గెలిచి 76 ఓడి, ఓక్లండ్‌కు ఐదు ఆటల దూరంలో రెండో స్థానంలో నిలిచారు. ఓక్లండ్ ఆ ఏడాది వరుసగా మూడో వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టని గుర్తుంచుకోవాలి.

ఇందుకు ముందుగా చెప్పుకోవలసినవాడు కెనడాకు చెందిన పిచర్ ఫెర్గీ జెంకిన్స్. 1973 చివరలో షికాగో కబ్స్ నుంచి వచ్చి, 1974లో 25 ఆటలు గెలిచాడు. వాటిలోనూ మిగతావాటిలోనూ కలిపి 29 ఆటల్లో మరో పిచర్ అవసరం లేకుండా తానొక్కడే చివరిదాకా వేశాడు. జెఫ్ బరోస్ 118 పరుగులు తెచ్చిపెట్టి లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యాడు. 1972 డ్రాఫ్ట్‌లో ఎక్కడో 25వ రౌండ్‌లో తీసుకున్న మైక్ హార్‌గ్రోవ్ .323 సగటుతో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. చిన్న లీగ్‌లలో ఇంకా పైమెట్టు చూడని జిమ్ సండ్‌బర్గ్‌ను మార్టిన్ ధైర్యంగా క్యాచర్‌గా (క్రికెట్‌లో వికెట్‌కీపర్ వంటి స్థానం) నిలబెట్టాడు. మార్టిన్ ఉత్తమ మేనేజర్ అయ్యాడు.

ఒక సంగతి చాలామంది గమనించరు. బరోస్, టోబీ హారా, లెనీ రాండిల్ ముగ్గురూ వాషింగ్టన్ కాలంలోనే జట్టులోకి తీసుకున్నవారు. రాజధాని నాటిన మొక్కలు టెక్సస్‌లో కాశాయి. ఆ ఏడాదే షార్ట్ జట్టును ఫోర్ట్ వర్త్‌కు చెందిన ప్లాస్టిక్ పైపుల వ్యాపారి బ్రాడ్ కార్బెట్ బృందానికి అమ్మివేశాడు. యాంకీస్ మాజీ ఆటగాడు, ఫోర్ట్ వర్త్‌లో గుండె వైద్యుడిగా స్థిరపడిన డాక్టర్ బాబీ బ్రౌన్ తన వైద్యవృత్తికి సెలవు పెట్టి కొంతకాలం జట్టు అధ్యక్షుడిగా ఉన్నాడు. ప్రేక్షకుల సంఖ్య ఒక్కసారిగా 11,93,902కు పెరిగింది. ఊరివాళ్లు ఆటను ఆదరించడం మొదలైంది ఈ సంవత్సరం నుంచేనని, 1972 నుంచి కాదని, ఈ అంకెతో తేలిపోతుంది.

పది సెంట్ల బీరు రాత్రికి రేంజర్స్‌కు సంబంధం ఏమిటి?

1974 జూన్ 4న క్లీవ్‌లండ్‌లో, జనాన్ని రప్పించడానికి బీరును పది సెంట్లకే అమ్మిన రాత్రి, అతిథి జట్టు రేంజర్సే. వారం కిందటే ఆర్లింగ్టన్‌లో ఈ రెండు జట్లూ మైదానంలో కొట్టుకున్నందువల్ల వాతావరణం ముందే వేడెక్కి ఉంది. 25,134 మంది వచ్చారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్కోరు 5–5గా ఉన్నప్పుడు ఒకడు మైదానంలోకి వచ్చి బరోస్ టోపీ లాక్కోబోయాడు. బరోస్ చిక్కుకుపోయాడని భావించిన మార్టిన్, తన ఆటగాళ్ల చేత బ్యాట్లు పట్టించి పరుగెత్తాడు. జనం వందల సంఖ్యలో చుట్టుముట్టేసరికి, క్లీవ్‌లండ్ ఆటగాళ్లే బ్యాట్లతో వచ్చి రేంజర్స్‌ను కాపాడవలసి వచ్చింది. ఆటను రేంజర్స్‌కు 9–0తో ఇచ్చారు. 1971లో తమ అభిమానుల వల్ల 9–0తో పోగొట్టుకున్న ఫ్రాంచైజీకి మూడేళ్ల తరువాత పరాయి అభిమానుల వల్ల 9–0 గెలుపు దక్కింది.

వాషింగ్టన్‌కు మళ్లీ జట్టు వచ్చిందా?

33 సీజన్ల తరువాత, 2005లో, మాంట్రియల్ ఎక్స్‌పోస్ అక్కడికి తరలివచ్చి నేషనల్స్ అయ్యారు. 1971లో ఆఖరి క్షణాన పిచింగ్ చేస్తున్న జో గ్రెజెండా, తాను వేయలేకపోయిన ఆ బంతిని దాచి ఉంచాడు. నేషనల్స్ సొంతగడ్డపై ఆడిన మొదటి ఆట రోజున దాన్ని తెచ్చి, లాంఛనంగా బంతి వేయడానికి వచ్చిన అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్‌కు అందించాడు. బుష్ రాజకీయాల్లో పైకి రాకముందు రేంజర్స్ యజమానుల్లో ఒకడు. వాషింగ్టన్ పాత అభిమానుల్లో ఈ విడ్డూరానికి నవ్వుకోనివారు ఉండరు.

డాలస్ ప్రాంతపు తెలుగువారికి ఈ చరిత్రలో దగ్గరగా కనిపించేది ఏదైనా ఉందా?

ఉంది. తెలుగువారు పెద్ద సంఖ్యలో నివసించే ఫ్రిస్కోలో రేంజర్స్ అనుబంధ జట్టు రఫ్‌రైడర్స్ 2003 నుంచి ఆడుతోంది. అది కూడా లూయిసియానాలోని ష్రీవ్‌పోర్ట్ నుంచి తరలివచ్చినదే, టెక్సస్ లీగ్‌కు చెందినదే. టికెట్ చవక, పిల్లలతో వెళ్లడానికి అనువు. ఇక ఆర్లింగ్టన్‌ను ఆనుకుని ఉన్న గ్రాండ్ ప్రెయిరీలో 2008లో బేస్‌బాల్ కోసం కట్టిన స్టేడియాన్ని క్రికెట్ మైదానంగా మార్చి 2023లో తెరిచారు. 2024 టీ20 ప్రపంచకప్‌లో అమెరికా పాకిస్తాన్‌ను ఓడించినది అక్కడే.

1974 తరువాత జట్టు నిలకడగా ఎందుకు రాణించలేదు?

మార్టిన్ ఎక్కడా ఎక్కువకాలం నిలిచే మనిషి కాదు. 1975 జూలైలో కార్బెట్ అతణ్ని తొలగించాడు. రెండు వారాలు తిరగకముందే అతడు యాంకీస్ మేనేజర్ అయ్యాడు. ఆ ఏడాది 79 గెలుపులు, మరుసటి ఏడాది 76. 1977లో సీజన్‌కు ముందు జరిగే వసంత శిక్షణలో, జట్టులో తన స్థానం పోయిందన్న కోపంతో రాండిల్ మేనేజర్ ఫ్రాంక్ లుకేసీని కొట్టి, చెంప ఎముక విరగ్గొట్టాడు. ఆ సీజన్‌లో జట్టుకు నలుగురు మేనేజర్లు: లుకేసీ, ఒక్క ఆట గెలిచి ఇంటి మీద బెంగతో వెళ్లిపోయిన ఎడ్డీ స్టాంకీ, తాత్కాలికంగా కానీ రాయన్, చివరికి బిల్లీ హంటర్. ఇంత గందరగోళంలోనూ 94 ఆటలు గెలిచారు. ఆ రోజుల్లో విభాగంలో మొదటి స్థానం వచ్చిన జట్టుకే ప్లేఆఫ్స్. అదే విభాగంలోని కాన్సస్ సిటీ ఆ ఏడాది 102 గెలిచింది. రేంజర్స్ మొదటిసారి ప్లేఆఫ్స్‌కు చేరింది 1996లో, టెక్సస్‌లో తమ 25వ సీజన్‌లో. వరల్డ్ సిరీస్ గెలిచింది 2023లో.